పెంపుడు చెట్టుకప్ప

ఆస్ట్రేలియా ఉత్తర, తూర్పు ప్రాంతాలలోని ఇళ్ళకు పిలవని చుట్టం ఒకటి ఉన్నది. పగలంతా అది వాననీటి తొట్టి ప్రక్కనో, ఉత్తరాల పెట్టెలోనో, స్నానాలగదిలో నీటిగొట్టం వెనుకనో ముడుచుకొని కూర్చుంటుంది. చీకటి పడగానే దీపం వెలుగు పడే గోడ మీదికి ప్రాకి, అక్కడికి చేరిన పురుగులను పట్టి తింటుంది. ఒళ్ళు లేత అరిటాకు రంగు. కన్నులు బంగారు రంగు. పొడవు పది సెంటీమీటర్ల వరకు ఉంటుంది. మగదానికంటె ఆడది పెద్దది. మనుష్యులను చూచి బెదరి పారిపోయే స్వభావం దీనికి తక్కువ. ఇదే వైట్ చెట్టుకప్ప. అమెరికాలోను, యూరప్‌లోను గాజుపెట్టెలలో పెంచుకొనే కప్పలలో దీనికి మంచి పేరు ఉన్నది. సరిగా చూచుకొంటే పదిహేను ఏండ్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి కూడ బ్రతుకుతుంది.

కాని ఆ పదిహేను ఏండ్లు సాగడమో, సాగకపోవడమో చాలవరకు మొదటి కొద్ది వారాలలోనే తేలిపోతుంది. క్రొత్తగా కప్ప వచ్చిన ఇంట సామాన్యంగా జరిగే కథ ఇది: పెట్టెలో దించేసరికి పచ్చని కప్ప కాస్తా మట్టిరంగుకు మారిపోతుంది. ఒక మూల నక్కి కదలదు. రెండు రోజులైనా మేత ముట్టదు. పిల్లలకు బెంగ పుడుతుంది. భయం పోగొట్టాలని దానిని చేతిలోకి తీసుకొని నిమురుతారు. దాహం వేసిందేమోనని కుళాయి నీరు పట్టి పళ్ళెం నింపుతారు. చలి వేస్తున్నదేమోనని పెట్టెను కిటికీ దగ్గర ఎండలో పెడతారు. ఎప్పుడో ఒకప్పుడు తింటుంది లెమ్మని డజను పురుగులను లోపల వదలుతారు. ప్రేమతో చేసిన ఈ నాలుగు పనులలో ఒక్కటీ దానికి మేలు చేయదు. ఎందుకు చేయదో తెలియాలంటే కప్ప చర్మం సంగతి తెలియాలి.

నీలికప్ప అన్న పేరు

ముందుగా రంగు మాట. ఇంగ్లండునుండి బయలుదేరి 1788లో ఆస్ట్రేలియాకు చేరిన మొదటి ఓడల సముదాయంలో జాన్ వైట్ అనే శస్త్రవైద్యుడు ఉన్నాడు. ఆయన ప్రయాణ గ్రంథం 1790లో లండనులో అచ్చయింది. అందులో ఈ కప్ప వర్ణన, పేరు ఉన్నవి. ఆ పేరు కెరూలియా. లాటిన్ భాషలో ఆ మాటకు నీలివర్ణం కలది అని అర్థం. పచ్చని కప్పకు నీలికప్ప అని పేరు పెట్టడం చిత్రంగా తోస్తుంది. పొరపాటు కంటిది కాదు, సారాయిది.

ఈ కప్ప చర్మంలో పచ్చరంగు పదార్థం లేదు. పై పొరలో పసుపు వర్ణకణాలు ఉన్నవి. వాటి క్రింద నీలికాంతిని వెనుకకు చిమ్మే స్ఫటికాలు గల కణాలు ఉన్నవి. అన్నిటికంటె అడుగున మెలనిన్ అనే నల్లని పదార్థం గల కణాలు ఉన్నవి. చిమ్మిన నీలికాంతి పసుపు పొరగుండా బయటికి వచ్చేసరికి కంటికి ఆకుపచ్చగా కనిపిస్తుంది. చచ్చిన కప్పను సారాయిలో నిలువచేస్తే పసుపు రంగు కరగిపోయి నీలి మాత్రమే మిగులుతుంది. ఇంగ్లండు చేరిన మాదిరి అటువంటిదే. పేరు పెట్టినవారు ఆ మాదిరినే చూచినారు. రెండు శతాబ్దాలు గడచినా పేరు మారలేదు.

బ్రతికిఉన్న కప్పలో అడుగుపొరలోని మెలనిన్ కణమంతటా పరచుకొంటే ఒళ్ళు ముదురు రంగుకు తిరుగుతుంది. ఒకచోటికి ముడుచుకొంటే పచ్చదనం తేరుకొంటుంది. చలి, భయం, చోటు మారడం, చుట్టూ చీకటి రంగు ఉండడం, వీటిలో ఏదైనా ఈ మార్పునకు కారణం కావచ్చు. కనుక ఇంటికి వచ్చిన మొదటిరోజున మట్టిరంగుకు తిరిగిన కప్పను చూచి హడలిపోనక్కర లేదు. పెట్టె పైన గుడ్డ కప్పి, ఒక మూల నిశ్శబ్దంగా వదలివేయడమే దానికి కావలసిన మొదటి ఉపచారం. రోజుల తరబడి రంగు తేరకపోతే మాత్రం పెట్టెలోని వేడి, చెమ్మ సరిచూడాలి.

నోటితో త్రాగని జంతువు

కప్ప నోటితో నీరు త్రాగదు. దాని పొట్ట దిగువను, తొడల లోపలి వైపున చర్మం మిక్కిలి పలుచగా, రక్తనాళాలతో నిండి ఉంటుంది. తడి నేలమీద గాని, లోతులేని నీటిలో గాని ఆ భాగం ఆనించి కూర్చుంటే నీరు చర్మంగుండా లోపలికి చేరుతుంది. కప్ప రక్తంలో లవణాలు ఎక్కువ, బయటి నీటిలో తక్కువ. పలుచని పొరగుండా నీరు లవణాలు ఎక్కువ ఉన్నవైపునకు పోవడాన్నే ద్రవాభిసరణం అంటారు. ఉన్నత పాఠశాలలో బంగాళాదుంపను తొలిచి, లోపల చక్కెర పోసి నీటిలో పెట్టి చూపే ప్రయోగం ఇదే. అక్కడ బంగాళాదుంప చేసే పనిని ఇక్కడ కప్ప కూర్చున్నచోటునే చేస్తున్నది.

ఐతే ఇందులో ఒక చిక్కు ఉన్నది. నీరు లోపలికి రాగలిగిన దారిన లవణాలు బయటికి పోగలవు. ఎడతెగకుండా నీరు పీల్చుకొనే కప్ప, ఆ నీటిని పలుచని మూత్రంగా విడిచేటప్పుడు కొంత ఉప్పును కూడ పోగొట్టుకొంటుంది. ఈ నష్టం పూడేది ఎట్లా? డెన్మార్కు దేశపు శాస్త్రజ్ఞుడు అగస్ట్ క్రో, కప్పలు మిక్కిలి పలుచని ఉప్పునీటినుండి కూడ లవణాన్ని చర్మంగుండా లోపలికి లాగుకోగలవని 1930ల నాటికే చూపించినాడు. ఆ దేశంవాడే అయిన హాన్స్ ఉస్సింగ్ తన సహచరునితో కలిసి 1951లో ఇంకొక అడుగు ముందుకు వేసినాడు. కప్ప చర్మపు ముక్కను రెండు ద్రావణాల నడుమ తెరవలె బిగించి, దానిగుండా ప్రవహించే విద్యుత్తును కొలిచి, ఆ విద్యుత్తుకు మూలం చర్మం లోపలికి తోడిపోస్తున్న సోడియం అయానులే అని ఋజువు చేసినాడు. అంటే కప్ప చర్మం ఒట్టి తొడుగు కాదు. అది రాత్రింబగళ్ళు నడిచే పంపు. గాలిలోని ప్రాణవాయువు కొంత, లోపలి బొగ్గుపులుసు వాయువు చాలవరకు ఈ చర్మంగుండానే వచ్చిపోతవి.

ఆస్ట్రేలియా ఉత్తరాన డార్విన్ నగర ప్రాంతంలో జరిగిన పరిశోధన ఒకటి ఈ సందర్భంలో చెప్పదగినది. అక్కడ ఎండాకాలపు రాత్రులు చల్లగా ఉంటవి. నెలల తరబడి చినుకు ఉండదు. అటువంటి రాత్రులలో ఈ చెట్టుకప్పలు వెచ్చని చెట్టుతొర్రను విడిచి చలిలోకి వచ్చి కూర్చుంటున్నవి. ఎందుకన్నది చాలకాలం తెలియలేదు. చలికి చల్లబడిన కప్ప తిరిగి వెచ్చని, తేమగల తొర్రలోకి దూరగానే, చన్నీళ్ళ చెంబుమీద చెమ్మ పట్టినట్లు దాని ఒంటినిండా నీటిబొట్లు కమ్ముతవని, ఆ నీటిని చర్మం పీల్చుకొంటున్నదని క్రిస్టఫర్ ట్రేసీ, ఆయన సహచరులు 2011లో ప్రకటించినారు. వాన లేని దేశంలో వానను తన ఒంటిమీదే కురిపించుకొనే ఉపాయం ఇది.

ఇప్పుడు మొదట చెప్పిన నాలుగు పనుల సంగతి తేలిక అవుతుంది. కుళాయి నీటిలో క్రిములను చంపడానికి క్లోరిన్ కలుపుతారు. మనిషి కడుపులో అది పెద్దగా హాని చేయదు. కప్ప చర్మం దానికి తాళలేదు. వెడల్పు మూతిగల పాత్రలో నీటిని ఒక రోజు నిలువ ఉంచితే క్లోరిన్ గాలిలోకి పోతుంది. కొన్ని నగరాలలో క్లోరిన్‌కు బదులు క్లోరమిన్ కలుపుతారు. అది నిలువ ఉంచినా పోదు. అటువంటిచోట చేపలతొట్ల వ్యాపారులు అమ్మే సోడియం థయోసల్ఫేట్ మందును వాడాలి. పోనీ, శుభ్రమైనది గదా అని ఆవిరి పట్టిన నీరో, ఆర్. ఓ. యంత్రపు నీరో పోస్తే? అందులో లవణాలు దాదాపు ఉండవు. వచ్చిన నీరు వచ్చినట్లే ఉండి, బయటనుండి లాగుకోవడానికి ఉప్పు దొరకక, పంపుకు పని దండుగ అవుతుంది. మామూలు మంచినీటినే క్లోరిన్ పోగొట్టి వాడడం మంచిది. పళ్ళెం కప్ప గడ్డం మునగనంత లోతు ఉంటే చాలు. నీటిని ప్రతిదినం మార్చాలి. ఎందుకంటే కప్ప త్రాగే పళ్ళెంలోనే మలమూత్రాలు కూడ విడుస్తుంది.

చేతులు సంగతి సరేసరి. మనిషి చేతిమీద ఉప్పు, నూనె, సబ్బు, ఒక్కొక్కప్పుడు దోమలమందు ఉంటవి. ఇవన్నీ కప్పకు నేరుగా రక్తంలోకి దారి దొరికిన విషాలు. ఎత్తక తప్పనప్పుడు చేతులను బాగా నీటితో కడిగి, తడిచేతులతో గాని, పొడి పూయని చేతితొడుగులను తడిపి తొడిగి గాని ఎత్తాలి. ముద్దుచేయడానికి ఎత్తనే కూడదు. కుక్కపిల్లకు నిమిరితే సుఖం. కప్పకు అది సుఖమని చెప్పడానికి ఆధారమేమీ లేదు.

ఎత్తైన ఇల్లు

చెట్టుకప్పకు నేల విస్తీర్ణం కంటె ఎత్తు ముఖ్యం. ఒకటి రెండు కప్పలకు అడుగున 45 సెంటీమీటర్ల చదరం, 60 సెంటీమీటర్ల ఎత్తుగల గాజుపెట్టె సరిపోతుంది. పైన సన్నని వలకప్పు ఉండి గాలి ఆడాలి. చెమ్మ కావాలి గదా అని మూత పూర్తిగా బిగిస్తే గాలి నిలిచి బూజు పడుతుంది. ఏటవాలుగా నిలిపిన కొమ్మలు, వెడల్పు ఆకుల మొక్క ఒకటి, ఒళ్ళు దాచుకొనే బెరడుముక్క ఉంటే చాలును. పగలు 24 నుండి 28 డిగ్రీల సెంటిగ్రేడు, రాత్రి అంతకు కొన్ని డిగ్రీలు తక్కువ వేడి దీనికి హితం. ఎండలో పెట్టిన గాజుపెట్టె కొద్దిసేపటిలోనే కుంపటి అవుతుంది. కిటికీ దగ్గర పెట్టిన కప్పలు చచ్చేది ఇందువల్లనే. ఉదయం, సాయంత్రం సన్నని తుంపర చల్లి, మధ్యలో పెట్టె కొంత ఆరేటట్లు చూడాలి. ఈ జాతి చర్మం ఇతర కప్పల చర్మమంత త్వరగా ఎండదు. కాళ్ళు పొట్ట క్రిందికి ముడుచుకొని, గడ్డం ఆనించి కూర్చుంటే ఇంకా నెమ్మదిగా ఎండుతుంది. కనుక పగలంతా అట్లా ముద్దగా కూర్చున్న కప్ప జబ్బుపడినది కాదు, నీరు పొదుపు చేస్తున్నది.

గాజుగోడమీద ఈ కప్ప నిలువున ఎట్లా నిలుస్తుందో పిల్లలు తప్పక అడుగుతారు. వేళ్ళ చివరలనున్న గుండ్రని మెత్తలను సూక్ష్మదర్శినితో చూస్తే, తేనెపట్టు గదులవలె ఆరుపలకల కణాలు, వాటి నడుమ కాలువలు కనిపిస్తవి. ఆ కాలువలలో జిగురునీరు ఉంటుంది. రెండు గాజుపలకల నడుమ నీటిబొట్టు వేసి నొక్కితే అవి విడిపోకుండా పట్టుకొనే సూత్రమే ఇక్కడా పనిచేస్తుంది. స్కాట్లండులోని గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ఈ జాతి కప్పలతోనే చేసిన పరిశోధనల వలన ఇంకొక సంగతి కూడ తెలిసింది. మెత్తకు దుమ్ము అంటితే పట్టు సడలుతుంది; కాని కప్ప నాలుగడుగులు వేసేసరికి జిగురు, అడుగు జారే రాపిడి కలిసి దుమ్మును కడిగివేస్తవి.

పెట్టె అడుగున గులకరాళ్ళు పరచడం అందంగా ఉంటుంది గాని ప్రమాదం. పురుగుమీదికి దుమికిన కప్ప దానితోపాటు రాయిని కూడ మింగుతుంది. మొదటి నెలలో తడిపిన తెల్లకాగితం పరచడమే శ్రేష్ఠం. చూడడానికి బాగుండదు, నిజమే. కాని మలం ఎట్లా ఉన్నదో, మేత ఎంత మిగిలిందో, రాలిన చర్మపు ముక్కలున్నవో లేవో కాగితం మీదనే కనబడుతుంది.

ఇలకోడి పురుగు, సున్నపు పొడి

కప్ప కదిలేదానినే మేతగా గుర్తిస్తుంది. చచ్చిన పురుగుల గుట్ట మధ్య కూర్చుండబెట్టినా ఆకలితో మాడుతుందే గాని తినదు. అందుచేత పెంపకందారులు ఇలకోళ్ళు, బొద్దింకల వంటి పురుగులను ఇందుకొరకే పెంచి అమ్ముతారు. తోటలో పట్టిన పురుగులు వద్దు. వాటిమీద మందు చల్లి ఉండవచ్చును. పురుగు కప్ప రెండు కన్నుల నడుమ దూరం కంటె పెద్దదిగా ఉండరాదు. కప్ప మింగేటప్పుడు కన్నులు మూసుకోవడం చూచి రుచి ఆస్వాదిస్తున్నదని అనుకొంటారు. నిజానికి అప్పుడు కనుగుడ్లు నోటిలోనికి దిగి మేతను గొంతులోకి త్రోస్తవి.

వచ్చిన రోజుననే తినిపించాలని తొందరపడరాదు. మూడు నాలుగు దినాలు ఊరుకొని, రాత్రివేళ రెండు మూడు పురుగులను వదలి చూడాలి. తినని పురుగులను ఉదయమే ఏరివేయాలి. ఆకలిగొన్న ఇలకోళ్ళు నిద్రిస్తున్న కప్ప చర్మాన్నే కొరుకుతవి.

పురుగులలో ఒక లోపం ఉన్నది. ఇలకోడి ఒంట భాస్వరం ఎక్కువ, కాల్షియం మిక్కిలి తక్కువ. అడవిలో కప్ప పదిరకాల పురుగులు తిని ఈ లోటు పూడ్చుకొంటుంది. ఒకేరకం పురుగుమీద బ్రతికే పెంపుడు కప్ప తన ఎముకలలోని కాల్షియాన్నే కరగించి రక్తానికి ఇస్తుంది. కొన్ని నెలలకు దవడ మెత్తబడుతుంది; కాళ్ళు వంకరపోతవి; దుమకబోతే ఒళ్ళు వణుకుతుంది. నివారణ మాత్రం ఎంతో తేలిక: పురుగులను సంచిలో వేసి, డి-విటమిను కలిసిన కాల్షియం పొడిలో పొర్లించి ఇవ్వడమే. ఎదిగే పిల్లకప్పకు దాదాపు ప్రతి మేతకూ, పెద్దదానికి వారానికి ఒకటి రెండుసార్లు ఈ పొడి కావాలి.

కరువుకంటె సమృద్ధి వలన చెడిన వైట్ కప్పలు ఎక్కువ. ఇది పెట్టినంతా తినే జంతువు. పెద్దకప్పకు వారానికి రెండు మూడు మేతలు చాలు. కన్నుల పైన ఉండే కొవ్వుమడత క్రిందికి వ్రేలాడి కంటిని కప్పుతున్నదంటే మేత తగ్గించవలసిన కాలం వచ్చిందన్నమాట. వారానికొకసారి చిన్న డబ్బాలో కూర్చుండబెట్టి తూచి, బరువును నోటుపుస్తకంలో వ్రాసుకొంటే అనుమానానికి తావుండదు. డబ్బా బరువు ముందే తీసివేయడం మరువరాదు.

ఒంటరిగా ఉంచడం ఎందుకు

ఇంతవరకు చెప్పినవి ఒక కప్ప క్షేమానికి సంబంధించిన మాటలు. ఇప్పుడు చెప్పబోయేది ఎన్నో కప్పల ప్రాణాలకు సంబంధించినది.

1970ల చివరనుండి ఆస్ట్రేలియాలోను, తరువాత మధ్య అమెరికాలోను మనుష్యులు అడుగుపెట్టని అడవులలో సైతం కప్పలు అకస్మాత్తుగా కనుమరుగు కాసాగినవి. అడవి నరకలేదు, వాగు ఎండలేదు, కప్పలు మాత్రం లేవు. చచ్చిన కప్పల చర్మంలో ఒక శిలీంధ్రం ఉన్నదని 1998లో బయటపడింది. మరుసటి సంవత్సరం వాషింగ్టన్ జంతుప్రదర్శనశాలలో చనిపోయిన ఒక నీలివన్నె కప్పనుండి వేరుచేసి, దానికి బట్రకోకైట్రియం డెండ్రోబటిడిస్ అని నామకరణం చేసినారు. పొట్టిగా కైట్రిడ్ అంటారు. దాని సిద్ధబీజాలు ఒక్కొక్క తోకతో నీటిలో ఈదుతూ పోయి కప్ప చర్మపు పైపొరలోని కెరాటిన్ గల కణాలలో దూరుతవి. తోకకప్ప దశలో కెరాటిన్ నోటి అంచులలో మాత్రమే ఉంటుంది గనుక అవి సాధారణంగా చావవు. రూపవిక్రియ పూర్తియై ఒళ్ళంతా క్రొత్త చర్మం ఏర్పడగానే రోగం విజృంభిస్తుంది.

చర్మం పైపొరలో మాత్రమే పెరిగే బూజు ఒక జంతువును ఎట్లా చంపగలదు? చాలకాలం ఇది తెలియలేదు. 2009లో జేమీ వాయిల్స్, ఆమె సహచరులు ఈ వైట్ చెట్టుకప్పల మీదనే పరిశోధన చేసి సమాధానం కనుగొన్నారు. రోగంపట్టిన కప్ప చర్మంలో అయానుల రవాణా సగానికి పైగా తగ్గిపోయింది. రక్తంలో సోడియం నూటికి సుమారు 20 వంతులు, పొటాసియం సుమారు 50 వంతులు పడిపోయినవి. చివరకు గుండె ఆగింది. నోటిద్వారా లవణద్రావణం ఇచ్చిన కప్పలు ఇవ్వనివాటికంటె కొన్ని గంటలు ఎక్కువ బ్రతికినవి. ఉస్సింగ్ 1951లో కొలిచిన ఆ పంపునే శిలీంధ్రం ఆపివేస్తున్నదన్నమాట.

ఈ శిలీంధ్రం వలన 501 ఉభయచర జాతులు క్షీణించినవని, వాటిలో 90 ప్రకృతిలో అంతరించినవని లేదా అంతరించి ఉంటవని 2019లో ఒక అంతర్జాతీయ బృందం లెక్క తేల్చింది. అంతకు ముందటి సంవత్సరం మరొక బృందం దీని జన్యువులను పోల్చి చూచి, దీని పుట్టిల్లు తూర్పు ఆసియా, ముఖ్యంగా కొరియా ద్వీపకల్పం కావచ్చుననీ, ఖండాలకు మోసుకుపోయింది కప్పల వ్యాపారమనీ తెలిపింది. ఆ వ్యాపారంలో ఆహారం కొరకు, ప్రయోగశాలల కొరకు, పెంపకం కొరకు పోయినవి అన్నీ ఉన్నవి. ఆస్ట్రేలియాలో 2021 చలికాలంలో ఇళ్ళ ముంగిట చచ్చిన కప్పలను చూచి ప్రజలు వెయ్యికి మించిన సమాచారాలను సిడ్నీలోని ఆస్ట్రేలియన్ మ్యూజియమునకు పంపినారు. వాటిలో మిక్కిలి తరచుగా పేర్కొన్నది ఈ పచ్చని కప్పనే. పరీక్షించినవాటిలో పెక్కింటికి కైట్రిడ్ ఉన్నది.

కాబట్టి క్రొత్త కప్పను ఇంటిలోని పాతవాటితో వెంటనే కలపరాదు. కనీసం నెల, వీలైతే మూడు నెలలు వేరే గదిలో, వేరే పళ్ళెంతో, వేరే పటకారుతో ఉంచాలి. ముందుగా పాత కప్పల పని ముగించి, తరువాత క్రొత్తదాని దగ్గరకు పోవాలి. చర్మంమీద దూదిపుల్లతో రుద్ది తీసిన మాదిరిని ప్రయోగశాలకు పంపితే కైట్రిడ్ ఉన్నదీ లేనిదీ డి. ఎన్. ఏ. పరీక్షవలన తెలుస్తుంది. ఉన్నట్లు తేలినా నిరాశపడనక్కరలేదు. పశువైద్యుడు ఇట్రకొనజోల్ అనే మందు కలిపిన నీటిలో ముంచి నయం చేయగలడు. పట్టపగలు బయటికి వచ్చి నిలువునీటిలో పడిఉండడం, చర్మం పొరలు పొరలుగా ఊడడం, పొట్ట ఎర్రబడడం, వెల్లకిల వేస్తే తిరగలేకపోవడం, ఈ గుర్తులు కనిపిస్తే మాత్రం ఆ రోజే వైద్యుని దగ్గరకు తీసుకుపోవాలి. సామాన్యంగా కప్ప చర్మం మార్చుకొంటూనే ఉంటుంది, విడిచిన చర్మాన్ని తానే తింటుంది కూడ. దానిని చూచి రోగమనుకోరాదు.

పళ్ళెంలోని మురికినీటిని తోటలో గాని, కాలువలో గాని పారబోయరాదు. బట్టల తెలుపుమందు కలిపి కొంతసేపు ఉంచి, తరువాత మురుగుతూములో పోయాలి. సామానును ఎండబెట్టాలి, పూర్తిగా ఎండిపోతే సిద్ధబీజాలు చస్తవి. కప్పపై మోజు తీరినవారు దానిని చెరువు గట్టున వదలివేయడం దయ అనుకొంటారు. అది ఆ చెరువులోని కప్పలన్నిటిపైన దయమాలిన పని. ఆస్ట్రేలియాలో అరటిపండ్ల పెట్టెలలో దాగి ఉత్తరంనుండి దక్షిణ నగరాలకు చేరే చెట్టుకప్పలను సైతం, అవి ఆ దేశపువే ఐనా, రక్షకసంఘాలవారు తీసుకొని వేరుగా ఉంచుతారే గాని చేరినచోట విడువరు. న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో స్వదేశపు కప్పను పెంచడానికి లైసెన్సు కూడ ఉండాలి.

కప్పనుండి మనిషికి రాగల జబ్బు కూడ ఒకటి ఉన్నది. 2009-2011 మధ్య అమెరికాలో, నీటితొట్లలో పెంచే ఆఫ్రికా మరుగుజ్జు కప్పల వలన రెండువందల మందికి పైగా సాల్మొనెల్లా విరేచనాలు పట్టుకొన్నవి. వారిలో పసిపిల్లలే ఎక్కువ. చెట్టుకప్ప కూడ ఆ క్రిమిని మోయగలదు. కనుక పళ్ళెం కడిగిన చేతులను సబ్బుతో కడగాలి. వంటగది తొట్టిలో పళ్ళెం కడుగరాదు. చేతులు కడగకుండా కన్ను నలుపుకొంటే వేరొక శాస్తి కూడ జరుగుతుంది. ఈ కప్ప చర్మపు స్రావాలు కంటిని మండిస్తవి. ఆ స్రావాలనుండే 1967లో పది ఆమినో ఆమ్లాలు గల కెరూలిన్ అనే పదార్థాన్ని వేరుచేసినారు. అది పిత్తాశయాన్ని ముడుచుకొనేటట్లు చేస్తుంది. మన ప్రేగులలో పుట్టే ఒక హార్మోనుకు నకలువంటిది కావడంచేత జీర్ణక్రియ పరిశోధనలలో ఎంతో ఉపయోగపడింది.

మన గోడమీది కప్ప

తెలుగుదేశపు పాఠకులకు ఈ కప్ప బంధువేమీ కాకపోయినా, దాని పోలికలుగల జీవి పరిచితమే. తొలకరి పడగానే స్నానాలగది గోడకు, పెరటి గోలెం అంచుకు అంటుకొని కనిపించే గోధుమరంగు చెట్టుకప్ప అది. ఆంగ్లేయులు దానిని చునాం కప్ప అన్నారు. చునాం అంటే సున్నమే. అది వేరొక కుటుంబానికి చెందినది. అంటుకొనే వేలిమెత్తలు ఆస్ట్రేలియా కప్పలకు వేరుగా, మన కప్పలకు వేరుగా ఏర్పడినవి. ఒకే అవసరానికి రెండు వంశాలు ఒకే ఉపాయాన్ని కనుగొన్నవి. దీనినే పరిణామశాస్త్రంలో అభిసారి పరిణామం అంటారు.

కైట్రిడ్ శిలీంధ్రం మన దేశపు కప్పలలో కూడ కనిపించింది. హైదరాబాదులోని సి. సి. ఎం. బి. శాస్త్రజ్ఞులు దానిని గుర్తించే పరీక్షలపై కృషి చేస్తున్నారు. కనుక పాఠశాలలో పాఠం కొరకు గోడమీది కప్పను పట్టి సీసాలో వేయవలసిన పని లేదు. అది ఉన్నచోటనే అన్నీ చూపుతుంది. విద్యార్థులు టార్చిలైటుకు ఎర్రకాగితం కట్టి, రాత్రి ఎనిమిది గంటల వేళ దాని రంగును, తెల్లవారిన తరువాత రంగును పోల్చి వ్రాసుకోవచ్చును. గోడ అద్దానిదైతే అవతలివైపునుండి వేలిమెత్తలను భూతద్దంతో చూడవచ్చును. వానాకాలంలో నీటితొట్టి పైని కొమ్మకో, గోడకో సబ్బునురుగు ముద్దవంటిది అంటుకొని ఉంటే దానిని తుడిచివేయకుండా చూడాలి. ఆడకప్ప తన స్రావాన్ని వెనుకకాళ్ళతో చిలికి కట్టిన గూడు అది. గ్రుడ్లు అందులోనే ఉంటవి. పైపొర ఎండి పెచ్చుకట్టినా లోపల తడి ఆరదు. కొన్ని దినాల తరువాత నురుగు కరగి, తోకకప్పలు ఒక్కొక్కటే క్రిందనున్న నీటిలోనికి జారుతవి. క్రింద నీరు ఉండేటట్లు చూడడమొక్కటే అప్పుడు పిల్లలు చేయవలసిన పని.